పిల్లాడికి కుక్కో పిల్లో పడటం లేదేమో అనిపిస్తే: అనుమానం నుంచి నిర్ణయం దాకా

ఇంట్లో కుక్కో పిల్లో ఉండి, పిల్లాడు తరచూ తుమ్ముతూ దగ్గుతూ ఉంటే, చుట్టాల్లో ఎవరో ఒకరు తీర్పు చెప్పేస్తారు. "ముందు ఆ కుక్కని పంపించెయ్యండమ్మా, బిడ్డ కంటే అదెక్కువా?" అని. ఆ మాట నిజమే కావచ్చు. కానీ అది చివర తీసుకోవాల్సిన నిర్ణయం, మొదట చేయాల్సిన పని కాదు. దుమ్ము పురుగులు, బొద్దింకలు, దోమల చక్రం పొగ, గోడ చెమ్మకు పట్టిన బూజు, ఇలా మన ఇళ్లలో అనుమానించాల్సినవి చాలా ఉన్నాయి. కుక్కను పంపేశాక కూడా దగ్గు తగ్గకపోతే అటు కుక్కా పోయింది, ఇటు రోగమూ మిగిలింది.

దీనికి పూర్తిగా వ్యతిరేకంగా చేసేవాళ్లూ ఉన్నారు. కుక్క మీద ప్రేమ కొద్దీ ఏళ్ల తరబడి దగ్గు మందు తాగిస్తూ, "వాడికి జలుబు తత్వం" అని సరిపెట్టుకుంటారు. ఆ జలుబు తత్వం ఒక్కోసారి ఆస్తమా అవుతుంది. ఈ వ్యాసంలో చెప్పేదంతా ఒక వరసలో ఉంది. ముందు తేల్చుకోవడం, తర్వాత పడకగదిని వేరు చేయడం, తర్వాత మందులు, అన్నీ అయ్యాక జంతువు గురించి నిర్ణయం. ఈ వరస తప్పకపోతే సగం ఇళ్లలో ఆఖరి మెట్టు దాకా వెళ్లే పని పడదని నా నమ్మకం.

ముందుగా ఒక హెచ్చరిక. ఊపిరి తీసుకునేటప్పుడు డొక్కలు లోపలికి లాగుతుంటే, ఆయాసంతో మాట పూర్తి చేయలేకపోతుంటే, పెదవులు నీలంగా మారితే, లేదా ఒళ్లంతా దద్దుర్లు లేచి పెదవులు, నాలుక వాస్తే ఏ డైరీ రాయనక్కర్లేదు, ఏ పరీక్ష కోసమూ ఆగనక్కర్లేదు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, లేదా 108కి ఫోన్ చేయండి. మిగతా సంగతి తర్వాత చూసుకోవచ్చు.

మొదటి మెట్టు: అసలు పడనిది ఏమిటో తెలుసుకోవడం

చాలామంది వెంట్రుకలే కారణం అనుకుంటారు. "మా కుక్కకి జుట్టు రాలదు, దానివల్ల కాదు" అంటారు. అలర్జీ తెచ్చేది వెంట్రుక కాదు, జంతువు ఉమ్మిలో, చర్మంలో, మూత్రంలో ఉండే ప్రొటీన్లు. పిల్లిలో ప్రధానమైనదాన్ని ఫెల్ డి 1 అంటారు. పిల్లి ఒళ్లంతా నాక్కుంటుంది కాబట్టి ఆ ప్రొటీన్ బొచ్చుకు పట్టి, ఆరిపోయి, కంటికి కనపడని పొట్టుతో కలిసి గాల్లోకి లేస్తుంది. ఆ రేణువులు ఎంత సన్నగా ఉంటాయంటే పిల్లి గదిలోంచి వెళ్లిపోయాక కూడా గంటల తరబడి గాల్లో తేలుతూనే ఉంటాయి. బట్టలకు అంటుకుని స్కూలు దాకా వెళ్తాయి. అందుకే ఇంట్లో పిల్లి లేని పిల్లలకూ పక్క బెంచీ నుంచి అలర్జీ తగిలే అవకాశం ఉంది.

కుక్కల్లో ఒకటి కాదు, ఇలాంటి ప్రొటీన్లు చాలా ఉన్నాయి. అందులో క్యాన్ ఎఫ్ 5 అనేది మగ కుక్కల ప్రొస్టేట్ గ్రంథిలో తయారవుతుంది. కొందరు పిల్లలకు ఈ ఒక్కటే పడదు. అలాంటివాళ్లకు ఆడ కుక్కతో ఇబ్బంది లేకపోవచ్చు. దీన్ని విడిగా చూసే రక్తపరీక్ష ఉంది. కుక్కను పంపేయడం దాకా ఆలోచన వచ్చిన ఇంట్లో, ఆ కుక్క మగదైతే, డాక్టరుతో ఈ సంగతి ప్రస్తావించడం మంచిది.

ఇక "అలర్జీ రాని జాతి" అని అమ్మే కుక్కల సంగతి. పూడుల్, షిట్జూ లాంటివి అలా చెప్పి ఎక్కువ ధరకు అమ్ముతారు. అలాంటి జాతులున్న ఇళ్లలో దుమ్మును పరీక్షించి చూసిన పరిశోధనల్లో మామూలు కుక్కల ఇళ్లకూ వాటికీ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. గుండు కొట్టించినా అంతే, ప్రొటీన్ చర్మం నుంచి వస్తూనే ఉంటుంది. ఒక కుక్క పడి ఇంకో కుక్క పడకపోవడం మాత్రం నిజంగానే ఉంటుంది, కానీ అది జాతిని బట్టి కాదు, ఆ కుక్కను బట్టి.

రెండో మెట్టు: జలుబా, అలర్జీయా, మరొకటా?

మామూలు జలుబుకు ఒళ్లు వెచ్చబడటం, నీరసం ఉంటాయి, వారం పది రోజుల్లో తగ్గుతుంది. అలర్జీకి జ్వరం ఉండదు. నీళ్లలాంటి చీమిడి, వరస తుమ్ములు, అన్నిటికంటే ముఖ్యంగా దురద. ముక్కులో, కళ్లలో, అంగిట్లో దురద. అరచేత్తో ముక్కును కింది నుంచి పైకి నలుపుకునే అలవాటున్న పిల్లలను చూసే ఉంటారు. అది ఎక్కువ కాలం సాగితే ముక్కు మీద అడ్డంగా చిన్న గీత పడుతుంది. కళ్ల కింద నల్లగా ఉండటం, నోరు తెరుచుకుని నిద్రపోవడం, గురక కూడా ఈ కోవలోవే. రాత్రిపూట, తెల్లవారుజామున, పరిగెత్తినప్పుడు దగ్గొస్తుంటే, ఛాతీలో పిల్లికూతలు వినపడుతుంటే అది ముక్కుతో ఆగలేదని అర్థం.

చర్మం దగ్గర పొరపాటు పడే అవకాశం ఎక్కువ. పిల్లిపిల్లను ఎత్తుకున్న చేతి మీద గుండ్రంగా, అంచులు ఎర్రగా మచ్చ వస్తే అది అలర్జీ కాదు, తామర కావచ్చు. అది జంతువు నుంచి అంటుకునే ఫంగస్. ఇద్దరికీ వైద్యం చేయిస్తే పోతుంది. కాళ్ల మీద గుంపులుగా దురద పొక్కులుంటే కుక్కకు గోమార్లు, మిన్నలులాంటి పురుగులున్నాయేమో చూడండి. ఈ రెండిటికీ కుక్కను పంపేయాల్సిన పని లేదు, పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్తే చాలు. అదే కుక్క నాకిన చోట అప్పటికప్పుడు దద్దులు లేచి గంటలో మాయమైతే, అప్పుడు అలర్జీ అనుమానం బలపడుతుంది.

ఇప్పుడు మిగతా అనుమానితులు. మన దేశంలో ముక్కు అలర్జీకి పెద్ద కారణం పరుపుల్లో, దిండ్లలో, దూదిబొంతల్లో ఉండే దుమ్ము పురుగులు. మన చర్మం పొట్టు తిని బతికే ఇవి కంటికి కనపడవు. కోస్తా ఉక్కపోతలో ఇంకా బాగా పెరుగుతాయి. తర్వాత బొద్దింకలు. వానలు పడ్డాక ఖాళీ స్థలాల్లో తెల్లగా పూసే వయ్యారిభామ. వీటికి తోడు అలర్జీ కాకపోయినా ఊపిరితిత్తులను రేపెట్టేవి: అగరుబత్తి, దోమల చక్రం, సిగరెట్టు, దీపావళి పొగ, పోపు ఘాటు. తలంటు పోశాక పసిబిడ్డ జుట్టుకు సాంబ్రాణి పట్టే ఇళ్లలో అమ్మమ్మల మనసు నొప్పించకుండా ఆ పని మాన్పించడం కష్టమే, కానీ పిల్లికూతలున్న బిడ్డకు ఆ పొగ మంచిది కాదు.

పావురాల గురించి విడిగా చెప్పాలి. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో కుక్కను అనుమానించేవాళ్లు బాల్కనీలో గూడు పెట్టిన పావురాలను పట్టించుకోరు. పావురాల రెట్ట, ఈకల పొడి పీల్చడం వల్ల కొందరికి వచ్చేది మామూలు అలర్జీ కాదు, ఊపిరితిత్తుల లోపలి పొరలకే వాపు తెచ్చే వేరే జబ్బు. తుమ్ములుండవు. పొడిదగ్గు, ఆయాసం, బరువు తగ్గడం, అప్పుడప్పుడు జ్వరం ఉంటాయి. కనిపెట్టకుండా వదిలేస్తే ఊపిరితిత్తులు శాశ్వతంగా దెబ్బతింటాయి. ఇంట్లో పంజరంలో పెంచే పక్షుల వల్ల కూడా ఇది రావచ్చు. ఇలాంటి లక్షణాలుంటే డాక్టరుకు పావురాల సంగతి మీరే చెప్పండి, వాళ్లు అడిగేదాకా ఆగకండి.

పల్లెల్లో అయితే పాడి పశువులు, కొట్టంలోని దుమ్ము, తడిసిన గడ్డికి పట్టే బూజు కూడా లెక్కలోకి వస్తాయి. ఆవు పొట్టు పడనివాళ్లూ ఉంటారు.

మూడో మెట్టు: ఒక నెల రాసి పెట్టడం

డాక్టరు దగ్గరికి వెళ్లే లోపు ఇంట్లో చేయగలిగిన మంచి పరీక్ష ఇదే. పాత నోటుబుక్కు చాలు. రోజూ రాత్రి పడుకునే ముందు ఒకటి రెండు వాక్యాలు రాయండి: ఇవాళ తుమ్ములు, దగ్గు, దురద ఎలా ఉన్నాయి, కుక్కతో ఎంతసేపు, ఎలా ఆడాడు, మొహం నాకనిచ్చాడా, ఇల్లు దులిపారా, పరుపు దులిపారా, పొగ పెట్టారా, బయట ఎక్కడికెళ్లాడు, ఏ మందు వేశారు. లక్షణాలకు సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేస్తే తర్వాత చూసుకోవడం తేలిక.

కొన్ని రోజులు గడిచేసరికి ఒక తీరు కనపడుతుంది. కుక్కతో దొర్లాడిన అరగంటలోపు కళ్లు ఎర్రబడటం మళ్లీ మళ్లీ జరిగితే అనుమానం కుక్క మీదికి వెళ్తుంది. కుక్కతో సంబంధం లేకుండా, లేచీ లేవగానే తుమ్ములు మొదలై స్కూలుకు వెళ్లేసరికి తగ్గిపోతుంటే పరుపును చూడాలి. బూజు దులిపిన రోజే వస్తే దుమ్మును. అయితే ఒకటి గుర్తుంచుకోవాలి. జంతువుతో రోజంతా కలిసి ఉండే పిల్లల్లో ముట్టుకోగానే లక్షణాలు రావడం తక్కువ. ముక్కు ఎప్పుడూ మూసుకుపోయినట్టే ఉండి, అదే మామూలు అనిపిస్తుంది. తాకిన వెంటనే ఏమీ కావట్లేదు కాబట్టి కుక్క వల్ల కాదని కొట్టేయకండి.

"కుక్కను రెండు వారాలు మా తమ్ముడింట్లో ఉంచి చూస్తాం" అని చాలామంది చేస్తారు. కుక్క పోయినా దాని పొట్టు సోఫాలో, పరుపులో, కర్టెన్లలో అలాగే ఉంటుంది. పిల్లి ప్రొటీన్ అయితే ఇల్లు ఖాళీ అయ్యాక కూడా నాలుగు నుంచి ఆరు నెలల దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం ఉంటుంది. కాబట్టి రెండు వారాల్లో తేడా లేదని తేల్చేస్తే ఆ లెక్క తప్పుతుంది. జంతువును పంపే బదులు బిడ్డనే వేరే చోట ఉంచి చూడటం నయం. వేసవి సెలవులకు అమ్మమ్మగారింటికి వెళ్లినప్పుడు ఎలా ఉన్నాడో, తిరిగొచ్చిన మొదటి వారంలో ఎలా ఉన్నాడో రాయండి. కొన్నాళ్లు దూరంగా ఉండి వచ్చాక లక్షణాలు ముందుకంటే గట్టిగా రావడం జంతువుల అలర్జీలో తరచుగా కనపడే సంగతి. అక్కడ దగ్గు తగ్గిందంటే కుక్కే కారణమని వెంటనే అనుకోవద్దు, అక్కడ పరుపూ వేరే, గాలీ వేరే. నలుగురు సాక్షుల్లో ఇదొక సాక్ష్యం అంతే.

నాలుగో మెట్టు: డాక్టరు, పరీక్షలు

ముందు పిల్లల డాక్టరు దగ్గరికే వెళ్లండి. డైరీ చూపించండి. అవసరమైతే ఆయనే ఈఎన్‌టీకో, అలర్జీ చూసేవాళ్లకో, ఊపిరితిత్తుల వైద్యుడికో పంపుతారు.

అలర్జీ తేల్చడానికి ముఖ్యంగా రెండు పరీక్షలు. ఒకటి చర్మం మీద చేసేది, స్కిన్ ప్రిక్ టెస్ట్. ముంజేతి మీద, చిన్నపిల్లలకైతే వీపు మీద, ఒక్కో పదార్థం చుక్క వేసి సూదిమొనతో తేలిగ్గా గుచ్చుతారు. రక్తం రాదు. 15 నుంచి 20 నిమిషాల్లో దద్దు లేస్తే కొలుస్తారు. ఏమీ కలపని చుక్క దగ్గరకంటే 3 మిల్లీమీటర్లు, ఆపైన పెద్దగా లేస్తే పాజిటివ్ అంటారు. దీనికి ముందు సెట్రిజిన్ లాంటి అలర్జీ మాత్రలు సాధారణంగా 5 నుంచి 7 రోజులు ఆపాలి, లేకపోతే ఉన్న అలర్జీ కూడా కనపడదు. జలుబు సిరప్‌లలో కూడా ఇవే మందులుంటాయి కాబట్టి ఇంట్లో వాడుతున్న సీసాలన్నీ చూపించండి. ఇన్‌హేలర్ మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

రెండోది రక్తపరీక్ష, ఫలానా పదార్థానికి ఐజీఈ (అలర్జీ ఉన్నప్పుడు ఒంట్లో తయారయ్యే యాంటీబాడీ) ఎంతుందో చూసేది. మాత్రలు ఆపనక్కర్లేదు, ఒళ్లంతా ఎగ్జిమా ఉన్న పిల్లలకు ఇదే వీలు. ఇక్కడ డబ్బు వృథా అయ్యే దారులు రెండున్నాయి. మొత్తం ఐజీఈ ఒక్కటే చేయించి "వెయ్యి వచ్చింది, అలర్జీ ఉంది" అనుకోవడం మొదటిది. కడుపులో నులిపురుగులున్నా అది పెరుగుతుంది, పైగా ఏది పడదో అది చెప్పదు. వందల పదార్థాల జాబితాతో వచ్చే ప్యాకేజీలు రెండోది. వాటిలో కొన్ని ఐజీజీ అనే వేరే యాంటీబాడీని చూస్తాయి, అలర్జీ తేల్చడానికి దాంతో పని లేదు. ఆ కాగితం పట్టుకుని పాలు, గుడ్లు, వంకాయ, అన్నీ మాన్పించిన ఇళ్లున్నాయి. బిడ్డ చిక్కిపోవడం తప్ప ఒరిగేదేమీ ఉండదు. డైరీలో తేలిన నాలుగైదు అనుమానాలకే పరీక్ష అడగండి: దుమ్ము పురుగు, బొద్దింక, కుక్క, పిల్లి, ఊళ్లో ఎక్కువగా ఉండే పుప్పొడి.

పరీక్షలో కుక్కకు పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు కుక్క వల్లే అని కాదు. ఒంట్లో దానికి స్పందించే గుణం ఉందని మాత్రమే ఆ పరీక్ష చెబుతుంది. డైరీ, పరీక్ష రెండూ ఒకే మాట చెప్పినప్పుడు నమ్మండి. కుక్కకు కాస్త, దుమ్ము పురుగుకు గట్టిగా వచ్చిందంటే ముందు పరుపు సంగతి చూడాలి. మన దగ్గర ఇలాంటి ఫలితాలు కొత్త కాదు.

ఆస్తమా అని తేలిన పిల్లలను మృగశిర కార్తె రోజున నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు చేపమందు కోసం తీసుకెళ్లే కుటుంబాలు చాలా ఉన్నాయి. నమ్మకం మీద నేను తగువు పెట్టుకోను. కానీ దాన్ని నమ్ముకుని ఇన్‌హేలర్ పక్కన పెట్టడం ప్రమాదం. బతికున్న చేపను మింగించేటప్పుడు చిన్నపిల్లలకు అది గొంతుకు అడ్డం పడే ముప్పు కూడా ఉంది.

ఐదో మెట్టు: పడకగది తలుపు మూయడం

పరీక్షలో తేలినా, ఇంకా తేలకపోయినా, ఈ పని ఇవాళ్టి నుంచే మొదలుపెట్టొచ్చు. ఖర్చు లేదు, నష్టం లేదు. పిల్లలు రోజులో ఎనిమిది నుంచి పది గంటలు ఒకే గదిలో, ఒకే దిండు మీద ముక్కు ఆనించి పడుకుంటారు. ఆ గదిలో పొట్టు తగ్గితే వాళ్లు పీల్చే మొత్తంలో పెద్ద వాటా తగ్గినట్టే. కుక్కైనా పిల్లైనా ఆ గదిలోకి రాకూడదు. పగలు రావచ్చు, రాత్రి రాకూడదు అనే రాజీ పనికిరాదు, పగలు రాలిన పొట్టు రాత్రికి అక్కడే ఉంటుంది.

గది నుంచి ముందు గుడ్డతో చేసినవన్నీ తగ్గించండి. కార్పెట్, బొంతల కుప్ప, బొచ్చు బొమ్మలు, మందపాటి కర్టెన్లు. ఒక ఇష్టమైన బొమ్మను వారం వారం ఉతికే షరతుతో ఉంచొచ్చు, అన్నీ లాగేసుకుంటే పిల్లలు తట్టుకోలేరు. పాత దూది పరుపు జంతువు పడుకున్నదైతే మార్చడమే మేలు. మార్చలేకపోతే జిప్పుతో పూర్తిగా మూసే, దుమ్ము పురుగులు దాటలేని కవరు వేయండి. దిండుకూ అంతే. దుప్పట్లు, దిండు గలేబులు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతకాలి. మెషీన్‌లో ఆ సదుపాయం లేకపోతే గీజరు నీళ్లలో నానబెట్టి ఉతికినా చాలావరకు ప్రయోజనం ఉంటుంది. వేడినీళ్ల దగ్గర పిల్లలను ఉండనివ్వకండి.

ఉమ్మడి పడక ఉన్న ఇళ్లలో, అంటే అమ్మానాన్నా పిల్లలూ ఒకే మంచం మీద పడుకునే ఇళ్లలో, కుక్కను ఎత్తుకుని ఆడించిన నాన్న అదే చొక్కాతో పక్కన పడుకుంటే తలుపు మూసి ఏం లాభం? సాయంత్రం కాళ్లూ చేతులూ కడుక్కుని బట్టలు మార్చుకుని గదిలోకి రావాలి. ఈ నియమం పెద్దలకే కష్టం. పిల్లలు తొందరగా అలవాటు పడతారు.

కుక్క మొదటి రెండు మూడు రాత్రులు తలుపు గీకుతుంది, ఏడుస్తుంది. హాల్లో దానికి ఒక మూల, ఒక పాత దుప్పటి, పడుకునే ముందు ఒక షికారు ఇస్తే సర్దుకుంటుంది. పిల్లితోనే అసలు యుద్ధం. కిటికీలకు నెట్ వేయించకపోతే అది బాల్కనీ చుట్టూ తిరిగి వచ్చి దిండు మీదే కూర్చుంటుంది.

ఆరో మెట్టు: మిగతా ఇల్లు, జంతువు శుభ్రం

మన ఇళ్లకు ఒక మేలుంది. నేల ఎక్కువగా బండలు, టైల్స్. కార్పెట్ పరిచిన నేలలో ఉన్నంత పొట్టు వీటిలో నిలవదు. అమెరికాలో, ఇంగ్లండ్‌లో కార్పెట్ ఉన్న అద్దె ఇళ్లలో ఉండే మనవాళ్లకు ఈ సుఖం లేదు. చలికాలమంతా కిటికీలు మూసి హీటర్ వేసుకోవడంతో వాళ్లకు ఇబ్బంది ఇంకా ఎక్కువ. వీలైతే కనీసం పిల్లల గది ఒక్కటైనా కార్పెట్ లేనిది చూసుకోవాలి.

కానీ ఆ బండల నేలను పొడి చీపురుతో ఊడ్చి ఆ మేలంతా పాడు చేసుకుంటాం. కింద ఉన్నదంతా ముక్కు ఎత్తుకు లేస్తుంది. ముందు తడిగుడ్డ పెట్టి తుడవడం, లేదా హెపా ఫిల్టర్ (అతి సన్నని రేణువులను కూడా పట్టేది) ఉన్న వాక్యూమ్ వాడటం మేలు. ఊడ్చే సమయానికి బిడ్డ వేరే గదిలోనో స్కూల్లోనో ఉండాలి. ఫ్యాన్ రెక్కలు, కిటికీ చువ్వలు, మంచం కింద తడిగుడ్డతో తుడవండి. ఏసీ ఫిల్టర్ తీసి రెండు వారాలకోసారి కడగాలి. ఏసీ బయటి గాలిని తేదు, గదిలో గాలినే తిప్పుతుందని చాలామందికి తెలియదు. సోఫా మీద జంతువు కూర్చునే చోట ఉతకగలిగే దుప్పటి పరచండి.

ఎయిర్ ప్యూరిఫయర్ కొనాలా అని అందరూ అడుగుతారు. హెపా ఫిల్టర్‌ది అయితే గాల్లో తేలే పొట్టును తగ్గిస్తుంది, పిల్లి ఉన్న ఇంట్లో కొంత పనికొస్తుంది. పరుపులో ఉన్నదాన్ని మాత్రం అది తీయలేదు. గది వైశాల్యానికి సరిపడా సైజు తీసుకుని పడకగదిలో పెట్టండి. ఓజోన్ వదిలే రకాలు వద్దు, ఓజోన్ ఊపిరితిత్తులకు హాని. డబ్బు పరిమితంగా ఉంటే ముందు పరుపు కవర్లు, తర్వాతే ఇది.

కుక్కకు వారానికి రెండుసార్లు స్నానం చేయిస్తే దాని మీది ప్రొటీన్ తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. వారానికి ఒకసారైతే మళ్లీ మొదటికే వస్తుంది. అంత తరచుగా చేయిస్తే కొన్ని కుక్కల చర్మం పొడిబారి పొట్టు ఇంకా ఎక్కువ రాలుతుంది కాబట్టి ఎంత తరచుగా అన్నది, ఏ షాంపూ అన్నది పశువైద్యుణ్ణి అడిగి చేయండి. మనం వాడే సబ్బు వద్దు. పిల్లికి స్నానం చేయిస్తే వచ్చే లాభం కొద్ది రోజులే, గోళ్ల గాట్లు అదనం. పిల్లి మేతలో గుడ్డు నుంచి తీసిన పదార్థం కలిపి, ఉమ్మిలోని ఫెల్ డి 1ను పనిచేయకుండా చేసే ఆహారం ప్యూరినా కంపెనీ 2020లో తెచ్చింది. మూడు వారాలు తింటే సగటున 47 శాతం తగ్గిందన్నది కంపెనీ సొంత పరిశోధన. ప్రొటీన్ తగ్గడం వేరు, బిడ్డ దగ్గు తగ్గడం వేరు. దొరికే చోట ఉన్నవాళ్లు దాన్ని అదనపు సాయంగానే చూడాలి.

దువ్వడం, మలమూత్రాలు ఎత్తడం, పిల్లి మట్టి తొట్టి మార్చడం అలర్జీ లేని పెద్దవాళ్ల పని. దువ్వేది ఇంట్లో కాదు, మేడ మీదో పెరట్లోనో. బిడ్డ ముట్టుకోవచ్చు, ఆడుకోవచ్చు. మొహం నాకనివ్వకూడదు, ఆడాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ఈలోపు కళ్లు నలపకూడదు.

ఇవన్నీ కనీసం రెండు మూడు నెలలు, ఒకదాని తర్వాత ఒకటి కాకుండా కలిపి చేస్తేనే ఫలితం తెలుస్తుంది. ఒక్క ప్యూరిఫయర్ కొని పెట్టి "ఏం లాభం లేదు" అనడం సరికాదు.

ఏడో మెట్టు: మందులు

మందు ఎంత, ఎన్నాళ్లు అన్నది బిడ్డ బరువు, వయసు చూసి డాక్టరు చెప్పాల్సిందే. ఇక్కడ తల్లిదండ్రులు తరచుగా తడబడే చోట్లు మాత్రం చెబుతాను.

తుమ్ములు, దురదకు సెట్రిజిన్, లివోసెట్రిజిన్, ఫెక్సోఫెనడిన్ లాంటివి పనిచేస్తాయి. ముక్కు దిబ్బడకు రోజూ వాడే స్టెరాయిడ్ స్ప్రే వాటికంటే మెరుగు. కొట్టిన వెంటనే కాదు, పూర్తి గుణం కనపడటానికి వారం రెండు వారాలు పడుతుంది. చాలామంది మూడో రోజే ఆపేస్తారు. కొట్టేటప్పుడు ముక్కు మధ్య గోడ వైపు కాకుండా కంటి బయటి కొస వైపు పెట్టి కొట్టాలి, లేకపోతే రక్తం కారుతుంది.

మందుల షాపులో అడిగి తెచ్చే జలుబు సిరప్ వద్దు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసిన మందును 4 ఏళ్ల లోపు పిల్లలకు వాడకూడదని సీసా మీద ముద్రించాలని మన ఔషధ నియంత్రణ సంస్థ 2023లో ఆదేశించింది. లేబుల్ చదివే అలవాటు చేసుకోండి. మాంటెలుకాస్ట్ కలిసిన మాత్రలు మన దగ్గర విరివిగా రాస్తారు. అది కొందరు పిల్లల్లో పీడకలలు, చిరాకు, దిగులు తెస్తుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో గట్టి హెచ్చరిక చేర్చింది. వాడుతున్నప్పుడు బిడ్డ ప్రవర్తన మారినట్టు అనిపిస్తే డాక్టరుకు వెంటనే చెప్పండి.

ఆస్తమా ఉంటే ఇన్‌హేలర్. "అది అలవాటైపోతుంది, వద్దు" అనే మాట ప్రతి ఇంట్లో ఎవరో ఒకరంటారు. ఇన్‌హేలర్‌కు బానిసయ్యేదేమీ ఉండదు. మందు నేరుగా ఊపిరితిత్తులకు వెళ్తుంది కాబట్టి సిరప్‌లో కంటే చాలా తక్కువ మోతాదు సరిపోతుంది. పిల్లలకు స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) తప్పనిసరి, చిన్నవాళ్లకు మాస్కుతో. రోజూ వాడే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ తర్వాత నోరు పుక్కిలించాలి. ఆయాసం వచ్చినప్పుడు ఏది, ఎన్నిసార్లు కొట్టాలో డాక్టరు చేత కాగితం మీద రాయించుకుని ఫ్రిజ్ మీద అంటించండి, ఒక కాపీ స్కూల్లో ఇవ్వండి.

సంక్రాంతికో పెళ్లికో జంతువులున్న చుట్టాలింటికి వెళ్లాల్సి వస్తే, బయల్దేరే ముందే మాత్ర మొదలుపెట్టాలా అని డాక్టరును అడగండి. సొంత దిండు, దుప్పటి పట్టుకెళ్లండి. ఎవరేమనుకున్నా పర్వాలేదు.

మందులతో అదుపు కానివాళ్లకు ఇమ్యునోథెరపీ ఉంది. పడని పదార్థాన్నే కొద్దికొద్దిగా ఇంజెక్షన్ల ద్వారా, కొన్నిటికి నాలుక కింద చుక్కల ద్వారా, 3 నుంచి 5 ఏళ్లు ఇస్తారు. దుమ్ము పురుగులకు దీని ఫలితం బాగుంటుంది, పిల్లికి పర్వాలేదు, కుక్కకు ఆధారాలు అంత గట్టిగా లేవు. ఇంజెక్షన్ తీసుకున్నాక అరగంట అక్కడే కూర్చోబెట్టే చోటే చేయించండి. వెంటనే ఇంటికి పంపేచోట వద్దు.

"కలిసి పెరిగితే అదే అలవాటవుతుంది" అనే మాట సగం నిజం. పుట్టినప్పటి నుంచి జంతువుల మధ్య పెరిగిన పిల్లల్లో అలర్జీలు తక్కువని కొన్ని పరిశోధనలు చెప్పాయి. కానీ ఒకసారి అలర్జీ వచ్చాక, రోజూ ఆ పొట్టు పీల్పిస్తే తగ్గుతుందని ఎదురుచూడటం వైద్యం కాదు.

ఎనిమిదో మెట్టు: ఉంచాలా, పంపాలా

ముక్కు వరకే ఉన్న అలర్జీ, మందులతో అదుపులో ఉండి, బిడ్డ నిద్రపోతూ స్కూలుకు వెళ్తూ ఉంటే జంతువును ఉంచుకోవచ్చని నేనంటాను. ఆస్తమా ఉండి, జంతువు అందుకు కారణమని డైరీ, పరీక్ష రెండూ చెప్పి, రెండు మూడు నెలలు అన్నీ సరిగ్గా చేసినా రాత్రిళ్లు దగ్గు ఆగకపోతే, లేదా ఒక్కసారైనా ఆయాసంతో ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే, ఇంకో ఇల్లు చూడాల్సిందే. ఇక్కడ బతిమాలడాలు, వాయిదాలు వద్దు.

బిడ్డకు ముందుగా చెప్పండి. స్కూలు నుంచి వచ్చేసరికి కుక్కను మాయం చేయడం, "పారిపోయింది" అని అబద్ధం చెప్పడం రెండూ చేయకూడదు. "నీ వల్ల పంపాల్సొచ్చింది" అనే మాట అన్నయ్యో అక్కో అనకుండా చూసుకోండి. ఆ మాటే పిల్లలకు అలర్జీ కంటే ఎక్కువ రోజులు గుర్తుంటుంది. "నీ ఊపిరితిత్తులకు దాని పొట్టు పడటం లేదు నాన్నా, అందులో నీ తప్పూ లేదు, దాని తప్పూ లేదు. దానికి మంచి ఇల్లు మనమే వెతుకుదాం" అని చెప్పి, వెతికే పనిలో వాణ్ణీ కలుపుకోండి.

తెలిసినవాళ్ల ఇల్లయితే అన్నిటికన్నా మంచిది. పశువైద్యుడికి చెప్పి ఉంచితే ఎవరో ఒకరు దొరుకుతారు. టీకాల కార్డు, మున్సిపల్ లైసెన్సు ఉంటే అది, తినే తిండి, భయాలు, అలవాట్లు రాసిన కాగితం ఇవ్వండి. హైదరాబాద్‌లో బ్లూ క్రాస్, విశాఖలో వీఎస్‌పీసీఏ లాంటి జంతు సంరక్షణ సంస్థలున్నాయి కానీ ఇలాంటి చోట్ల ఎప్పుడూ గాయపడ్డ జంతువులే నిండి ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న పెంపుడు కుక్కను అక్కడ దింపడం ఆఖరి దారిగా పెట్టుకోండి. ఊరవతల వదిలేయడం మాత్రం దారే కాదు. ఇంట్లో పెరిగిన కుక్క వీధిలో బతకలేదు. ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలేయడం జంతు హింస నివారణ చట్టం, 1960లోని 11వ సెక్షన్ ప్రకారం నేరం కూడా.

జంతువు వెళ్లాక ఇల్లంతా ఒకసారి గట్టిగా శుభ్రం చేయాలి: గోడలు తడిగుడ్డతో, సోఫా కవర్లు, కర్టెన్లు ఉతకడం, పాత బొంతలు తీసేయడం. ఆ తర్వాత కూడా పిల్లి ఉన్న ఇంట్లో తేడా తెలియడానికి నెలలు పడుతుంది. ఆ లోపు డాక్టరు చెప్పకుండా మందులు ఆపకండి. కొత్త ఇంటికి వెళ్లి కుక్కను చూసి రావచ్చు, బయట, ఆరుబయట గాలిలో, ఇంటికి రాగానే స్నానం చేసి బట్టలు మార్చుకుంటే చాలు.

కొన్నాళ్లకు పిల్లలు ఇంకో జంతువు అడుగుతారు. కుందేలు, హ్యామ్‌స్టర్, గినీపిగ్ వద్దు, వాటి పొట్టు, మూత్రం కూడా అలర్జీ తెచ్చేవే. రామచిలుకను, నక్షత్ర తాబేలును ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. మిగిలింది చేపల తొట్టి. అందులో వేసే ఎండు మేతలో దోమల్లాంటి పురుగుల లార్వా పొడి ఉంటుంది, కొందరికి అదీ పడదు. గింజల రూపంలో ఉన్న మేత తీసుకుని, వేసే పని పెద్దవాళ్లు చేస్తే సరిపోతుంది.